గింజ మీది వగరు



మా అమ్మమ్మ బతికినన్నాళ్లూ చాయ మినప్పప్పు కొట్లో కొనలేదు. ఇంటి మినుముల్ని తిరగలిలో పగలేసి, ఆ పొట్టు బద్దల్ని రాత్రే నానబోసేది. తెల్లవారుజామున బావి దగ్గర పీట వేసుకుని కూర్చుని, వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో బద్దల్ని రెండు అరచేతుల మధ్యా పిసికి, నీళ్లు పోసి, పళ్లెం ఒక పక్కకి వంచేది. నల్లటి పొట్టు తేలి, నీళ్లతోపాటు జారిపోయేది. మళ్లీ పిసకడం, మళ్లీ నీళ్లు, మళ్లీ వంచడం. అయిదారు నీళ్లకు గానీ పప్పు తెల్లబడేది కాదు. జారిన పొట్టును మాత్రం పారబోయనిచ్చేది కాదు. అది కుడితి తొట్టిలోకి వెళ్లాలి. పళ్లెం చప్పుడు వినగానే పాకలో గేదె మెడ తిప్పి చూసేది. "దాని వాటా దానికి వెయ్యండర్రా" అనేది అమ్మమ్మ.

నేను పెద్దయి ఆహారశాస్త్రం చదువుకుని, కాలేజీలో ఆడపిల్లలకు అదే పాఠం చెప్పుకుంటూ రిటైరయ్యాను. గేదె వాటా ఎంత విలువైనదో నాకు తెలిసింది ఆ చదువులోనే. ఇవాళ మీతో ఆ వాటా గురించే మాట్లాడతాను.

పప్పుగింజ ఏదైనా తీసుకోండి. పెసర, మినుము, కంది, ఉలవ, అలసంద, రాజ్మా, ఏదైనా సరే. లోపల రెండు బద్దలు, ఆ బద్దల నడుమ చిన్న మొలక, పైన పొట్టు. బద్దలూ మొలకా కలిసి రేపు పుట్టబోయే కొత్త మొక్క. పొట్టు మాత్రం ఆ కొత్త మొక్కది కాదు, తల్లిమొక్క ఒంట్లోదే. పువ్వులో అండాన్ని కప్పి ఉంచిన పొరలే కాయ ముదిరేకొద్దీ గట్టిపడి పొట్టుగా మారతాయి. పురిటిబిడ్డను తల్లి పాతచీరలో చుట్టినట్టన్నమాట. అలసందకు ఒక పక్కన నల్లటి చుక్క ఉంటుంది, దాన్ని మనం కన్ను అంటాం. కన్ను మధ్యలో తెల్లగా కనపడే ఆ చిన్న గీత నిజానికి బొడ్డు. గింజ కాయను అంటిపెట్టుకుని తిండి అందుకున్న చోటు అది.

ఈ చీర బరువు తక్కువే. గింజ రకాన్ని బట్టి నూటికి 8 నుంచి 15 పాళ్లు. కందికి, నాటు సెనగకు ఎక్కువ. కాబూలీ సెనగకు మరీ పలచన, నూటికి 5 పాళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. అయితే గింజ మొత్తంలో ఉండే రంగులూ, వగరూ, శాస్త్రవేత్తలు పాలీఫినాల్స్ అని పిలిచే పదార్థాలూ చాలా మటుకు ఈ కాస్త పొరలోనే పోగుపడి ఉంటాయి. మాంసకృత్తులూ పిండిపదార్థమూ బద్దల్లో దాచి, కాపలా సామానంతా గోడలో పెట్టింది మొక్క.

గింజ నేలలో పడ్డాక దాని మీద కన్నేసేవాళ్లు చాలామంది. బూజు పట్టించే శిలీంధ్రాలు, పొట్టు మీద గుడ్లు పెట్టి, పిల్లదశలో గింజను తొలిచే పుచ్చుపురుగు, వేళకాని వేళ కురిసే వాన. వీటిలో వాన సంగతి కొంచెం చెప్పాలి. అడవి గింజలన్నీ మొదటి జల్లుకే మొలిచేస్తే, ఆ తర్వాత పది రోజులు ఎండ కాసిందంటే వంశం మొత్తం మాడిపోతుంది. అందుకని అడవి ఉలవల్లాంటివి పొట్టును రాయిలా కట్టుకుని, కొన్ని ఈ ఏడూ కొన్ని వచ్చే ఏడూ మొలుస్తాయి. రైతుకు అది పనికిరాదు. చల్లిన గింజ వారంలో మొలవాలి. మొలిచినదాని పంటే మళ్లీ విత్తనమవుతుంది. అలా తరాల తరబడి, ఎవరూ ప్రత్యేకంగా పూనుకోకుండానే, పలచటి పొట్టున్న గింజలు పొలాన్ని ఆక్రమించుకున్నాయి. ఇది ఊహ అనుకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన షార్లీన్ మర్ఫీ, డోరియన్ ఫుల్లర్ అనే ఇద్దరు పురావృక్ష శాస్త్రవేత్తలు మన దేశంలో తవ్వకాల్లో దొరికిన పాత ఉలవల్ని ఇంగ్లండులోని సింక్రోట్రాన్ అనే పెద్ద ఎక్స్‌రే యంత్రం కింద పెట్టి, గింజ పగలగొట్టకుండానే పొట్టు మందం కొలిచారు. 2017లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్ది నాటి ఉలవలకూ, క్రీస్తుశకం తొలి శతాబ్దాల ఉలవలకూ మధ్య పొట్టు పలచబడిన జాడ కనిపించింది. మన మెట్టపొలాల్లో రెండు వేల ఏళ్ల పాటు జరిగిన పని ఒక గోధుమరంగు పొర మందంలో రాసిపెట్టి ఉందన్నమాట. ఇప్పటికీ గుగ్గిళ్లలో ఒక్కోసారి పంటికింద రాయిలా తగిలే గింజ ఉంటుంది చూశారా, ఎంత నానబెట్టినా నానదు. అది పాత బుద్ధి వదలని ఉలవ.

ఇక రంగుకు వద్దాం. సెనగచేను పూతలో ఉన్నప్పుడు చూసినవాళ్లకు తెలుస్తుంది. నాటు సెనగ పువ్వు గులాబీ, ఊదా కలిసిన రంగు. కాబూలీ సెనగ పువ్వు తెలుపు. గింజ చూస్తే మొదటిది గోధుమరంగు, రెండోది పాలిపోయిన తెలుపు. రంగుపువ్వుకు రంగుగింజ, తెల్లపువ్వుకు తెల్లగింజ. ఈ జోడీని బఠాణీ మొక్కల్లో చూసి రాసిపెట్టినవాడు గ్రెగర్ మెండెల్. ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న బ్రూన్ పట్టణంలో, మఠం తోటలో పెంచిన మొక్కల మీద తీసిన లెక్కల్ని 1865లో చదివి వినిపించాడాయన. ఆయన ఎంచుకున్న లక్షణాల్లో గింజపొట్టు రంగు కూడా ఒకటి. పువ్వుకూ పొట్టుకూ రంగు వేసే కార్ఖానా ఒక్కటే, దాన్ని నడిపించే మీట చెడితే రెండూ తెల్లబోతాయి. ఆ మీట ఏ జన్యువో తేలేసరికి 2010 వచ్చింది. మెండెల్ చూసినదానికీ దాని కారణానికీ మధ్య దాదాపు ఒకటిన్నర శతాబ్దం.

ఆ కార్ఖానాలో తయారయ్యేవి ఫ్లేవనాయిడ్లు. వాటిలో ఆంథోసయనిన్లనే ఒక తెగ ఊదా, నీలం, నలుపు రంగులిస్తుంది. నేరేడుపండు తింటే నాలుకకు అంటేది అదే, నల్లవంకాయ తొక్కలో ఉండేదీ అదే. మెక్సికో దేశంవాళ్లు రోజూ తినే నల్లచిక్కుడు గింజ పొట్టులో డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్, మాల్విడిన్ అనే మూడు రకాల ఆంథోసయనిన్లు ఉంటాయి. ఎర్ర రాజ్మాలోనూ చారల రాజ్మాలోనూ రంగు తెగ కన్నా వగరునిచ్చే టానిన్ల తెగ ఎక్కువ. తెల్ల రాజ్మాలో ఈ కార్ఖానా దాదాపు మూతబడి ఉంటుంది. అలసందలో అయితే కన్ను చుట్టూ మాత్రమే పనిచేసి మిగతాచోట సెలవు పెట్టింది.

పెసలది వేరే కథ. దాని పచ్చదనం ఆకుపచ్చదనమే, ప్రత్యేకమైన రంగేమీ కాదు. కానీ కంటికి ఆనని రెండు ఫ్లేవనాయిడ్లు ఆ పొట్టులో దండిగా ఉన్నాయి. వైటెక్సిన్, ఐసోవైటెక్సిన్. గింజ మొత్తంలో ఉన్నదాంట్లో నూటికి 90 పాళ్ల పైన పొట్టులోనే ఉంటుంది. వైటెక్సిన్ అనే పేరు వైటెక్స్ అనే చెట్ల జాతి నుంచి వచ్చింది. ఆ జాతి చెట్టు మన ఊళ్లలో చేలగట్ల మీదే ఉంది, వావిలి. బాలింతకు స్నానం పోసే నీళ్లలో ఆకు వేస్తారే, అదే.

చైనావాళ్లు ఎండలు ముదిరితే పెసల్ని పొట్టుతోనే ఉడికించి, ఆ పచ్చటి నీళ్లు చల్లార్చి తాగుతారు. వేడి చేయకుండా కాస్తుందని వాళ్ల నమ్మకం. అక్కడి పరిశోధకులు ఎలుకల్ని వేడికి గురిచేసి, పెసర సారం పట్టించి చూశారు. 2011లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం, వేడి వల్ల రక్తంలో పెరిగే కొన్ని చెడు గుర్తులు తగ్గాయి. ఎలుకల మాట ఎలుకలదే, మనిషికి అలాగే జరగాలని లేదు. నాకు నవ్వొచ్చేది వేరే విషయానికి. మనమూ ఎండాకాలం మొదట్లోనే శ్రీరామనవమికి పెసరపప్పు నానబెట్టి పానకంతో పంచుతాం. ఆ వడపప్పుకు మాత్రం పొట్టు శుభ్రంగా తీసేస్తాం. ప్రసాదానికి వంక పెట్టడం నా ఉద్దేశం కాదు. పైగా మనకు పెసరట్టు ఉంది, నష్టం పూడ్చడానికి.

రంగు గురించి ఎంత చెప్పినా, అసలు సంగతి రుచిలో ఉంది. పొట్టుతో ఉన్న పచ్చి మినుమును నమిలి చూడండి. నాలుక బిగిసినట్టవుతుంది, నోరు ఆరుతుంది. దాన్నే మనం వగరు అంటాం. పచ్చి జామపిందె, వక్క, కరక్కాయ, నేరేడు, వీటన్నిటిదీ ఆ రుచే. షడ్రుచుల్లో దాన్ని కలిపి మన పెద్దలు మంచిపని చేశారు. ఉగాది పచ్చడిలో మామిడిపిందె వేసేది అందుకే కదా. ఇంతకీ వగరంటే ఏమిటి? మన లాలాజలంలో కొన్ని మాంసకృత్తులు ఉంటాయి, నోరు జారుడుగా ఉండటానికి. టానిన్లు వాటిని పట్టుకుని ముద్దకట్టేస్తాయి. జారుడు పోతుంది, నాలుక గరుకుగా తగులుతుంది. ఇది రుచి అనేకన్నా తాకిడి అంటే సరిపోతుంది.

పట్టుకోవడం అన్నాను కదా, ఆ మాట గుర్తుంచుకోండి. ఈ పదార్థాల గుణమంతా ఆ ఒక్క మాటలో ఉంది. అవి మాంసకృత్తుల్ని పట్టుకుంటాయి, ఇనుమును పట్టుకుంటాయి, ఎంజైముల్ని పట్టుకుంటాయి. పట్టు ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి అది మేలో కీడో అవుతుంది.

తోళ్లు పదును చేసేవాళ్లు తంగేడు చెక్క నానేసిన నీళ్లలో పచ్చితోలును ఊరబెట్టేవారు. చెక్కలోని టానిన్లు తోలులోని మాంసకృత్తును పట్టుకుని బిగిస్తే, అది కుళ్లని చెప్పు తోలవుతుంది. గింజ కూడా తన తోలును అలాగే పదును చేసుకుంది. బూజు తన ఎంజైములతో గోడ కరిగించాలని వస్తే, వాటిని పట్టుకుంటుంది.

రెండో ఉదాహరణ సిరా. ఇంకు బాటిళ్లు రాకముందు మన కరణాలు కరక్కాయ రసంలో అన్నభేది కలిపి సిరా చేసుకునేవారు. అన్నభేది అంటే ఇనుప లవణం. కరక్కాయ టానిన్ ఆ ఇనుమును పట్టుకోగానే నల్లటి రంగు పుడుతుంది. ఏళ్ల తరబడి చెరగని రంగు. ఆ పట్టు అంత గట్టిది. ఇప్పుడు అదే పని మన పేగులో జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. భోజనంలోని ఇనుము రక్తంలోకి పోవలసింది కాస్తా టానిన్‌తో జతకట్టి, వచ్చిన దారినే బయటికి పోతుంది.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో బి.ఎస్. నరసింగరావు, టి. ప్రభావతి గార్లు దేశంలో మనం తినే తిండిగింజల్లో టానిన్లు కొలిచి, వాటివల్ల ఒంటికి అందగల ఇనుము ఎంత తగ్గుతుందో 1982లోనే ప్రచురించారు. టానిన్ పెరిగితే అందే ఇనుము తగ్గుతుంది. ఇది చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటి చోట "పొట్టు తినండి, పొట్టు అమృతం" అని నేను మైకు ముందు కూర్చుని గంతులేస్తే బాధ్యత అనిపించుకోదు.

అలాగని పొట్టు తీసేస్తే ఇనుము సమస్య తీరిపోతుందా అంటే అదీ కాదు. ఇనుమును అడ్డుకునే ఇంకొకటి, ఫైటేట్ అనేది, ఎక్కువగా బద్దల్లోనే ఉంటుంది. పొట్టు పోయినా అది పోదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ప్రభుత్వ ప్రయోగశాలలో ఎలాడ్ టాకో, రేమండ్ గ్లాన్ బృందం ఇంకో చిత్రమైన సంగతి కనిపెట్టింది. పేగుకణాల్ని గాజుపాత్రలో పెంచి, నల్లచిక్కుడు గింజ పొట్టులోని ఫ్లేవనాయిడ్లను విడివిడిగా వాటికి ఇచ్చి చూశారు. క్వెర్సెటిన్, మిరిసెటిన్ లాంటివి ఇనుమును అడ్డుకున్నాయి. కెంఫెరాల్ మాత్రం ఇనుము లోపలికి పోవడానికి సాయం చేసింది. ఒకే పొట్టు, ఒకే కుటుంబం, ఒకడు గుమ్మానికి అడ్డం నిలబడితే ఇంకొకడు తలుపు తీస్తున్నాడు. అందుకే పొట్టంతా మంచిదనీ పొట్టంతా చెడ్డదనీ కొట్టుకోవడం నాకు నచ్చదు. ఏ పొట్టు, ఏ రంగు, ఎలా వండాం, పక్కన ఏం తిన్నాం, అవి అడగాలి.

పక్కన ఏం తిన్నాం అన్నది మన చేతిలో ఉన్న విషయం. మొలకలు తింటే నిమ్మకాయ పిండుకోండి. సి విటమిను ఇనుమును టానిన్ చేతికి చిక్కకుండా కాపాడుతుంది. అసలు పెసలు మొలకెత్తినప్పుడే సి విటమిను కొత్తగా పుడుతుంది, టానిన్లు కొంత తగ్గుతాయి కూడా. ఇక మన ఉప్మా పెసరట్టు తిన్న వెంటనే గ్లాసుడు టీ తాగే అలవాటు ఉంది చూశారా, అక్కడే గొడవ. టీలో ఉన్నది మళ్లీ టానినే. అట్టులో ఉన్న వగరు చాలదన్నట్టు పైనుంచి ఇంకాస్త పోసుకుంటున్నాం. ఓ గంట ఆగి తాగండి. టీ చల్లారిపోతుందంటారా, అప్పుడే పెట్టుకోండి.

మరి మేలు ఎక్కడుంది? ఆ పట్టులోనే ఉంది. మనం తిన్న అన్నం, ఇడ్లీ, అట్టు, వీటిలోని పిండిపదార్థాన్ని చిన్నపేగులో కొన్ని ఎంజైములు ముక్కలు చేసి చక్కెరగా మారుస్తాయి. పొట్టులోని పాలీఫినాల్స్ ఆ ఎంజైముల మీద కూడా చెయ్యి వేస్తాయి. పని ఆగదు, మందగిస్తుంది. చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా దిగుతుంది. షుగరు జబ్బుకు డాక్టర్లు ఇచ్చే మందుల్లో అకార్బోజ్ అని ఒకటుంది, అది చేసేదీ ఇదే జాతి పని, ఎంతో బలంగా. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, అదే సీఎఫ్‌టీఆర్‌ఐ, అక్కడివాళ్లు మన మినుముల్నే తీసుకుని, మరలో ఆడించాక వచ్చే పొట్టూ నూకా తవుడూ వేరు చేసి 2012లో పరీక్షించారు. వదిలేసే భాగాల్లోనే ఫినాల్స్ ఎక్కువ, ఎంజైమును మందగింపజేసే గుణమూ ఎక్కువ అని తేలింది. మా అమ్మమ్మ గేదెకు షుగరు లేదని మాత్రం ఘంటాపథంగా చెప్పగలను.

పొట్టులో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది పీచు. సగానికి పైన అదే. అది మనకు అరగదు గానీ పెద్దపేగులో కాపురముండే సూక్ష్మజీవులకు తిండి. టానిన్లు కూడా పెద్ద పెద్ద అణువులు కాబట్టి అలాగే కిందికి దిగి ఆ సూక్ష్మజీవుల చేతిలో పడతాయి. అవి వాటిని విరిచి చిన్న ముక్కలు చేస్తే, ఆ ముక్కల్లో కొన్ని మన రక్తంలోకి చేరతాయి. పొట్టు చేసే మేలులో ఎక్కువ పాలు మన ఒంటిది కాదు, మనలో అద్దెకున్నవాళ్లది.

ఇక్కడ కాస్త కోపంగా ఒక మాట చెప్పాలి. యాంటీ ఆక్సిడెంట్ అనే ముద్ర వేసి అమ్మే డబ్బాల గురించి. 2004లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు వందకు పైగా తిండి పదార్థాల్ని పరీక్షనాళికలో పోటీకి పెట్టారు. బ్లూబెర్రీల్ని కూడా దాటి మొదటి స్థానం కొట్టేసింది చిన్న ఎర్రచిక్కుడు గింజ. మూడో స్థానం ఎర్ర రాజ్మాది. పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. ఎవరూ గమనించని చిన్న మెలిక ఏమిటంటే, ఆ కొలత అరకప్పు ఎండుగింజలది. ఎండు రాజ్మా పటపట నమిలి తినేవాళ్లెవరు? ఉడికిస్తే కొంత నీళ్లలోకి పోతుంది, కొంత వేడికి పోతుంది, మిగిలినదాంట్లో పేగు దాటేది ఇంకా కొంతే. ఆ తర్వాత ఆ శాఖే 2012లో తన యాంటీ ఆక్సిడెంట్ల పట్టికను వెబ్‌సైటు నుంచి తీసేసింది. పరీక్షనాళికలోని అంకెలకూ మనిషి ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదని, కంపెనీలు ఆ అంకెల్ని ప్రకటనల్లో వాడుకుంటున్నాయని కారణం చెప్పింది. తమ లెక్కను తామే వెనక్కి తీసుకోవడానికి ధైర్యం కావాలి, దానికి దండం పెడతాను. ఆ అంకెలు మాత్రం ఇప్పటికీ డబ్బాల మీద తిరుగుతూనే ఉన్నాయి. గింజపొట్టు సారం గుళికలుగా కొనమని ఎవరైనా మీ వాట్సాప్‌కు పంపితే, ఆ డబ్బు పెట్టి రెండు కిలోల పెసలు కొనండి.

ఉలవకట్టు తాగితే మూత్రపిండాల్లో రాళ్లు కరుగుతాయా అని నన్ను అడగని బంధువు లేడు. నడుం పట్టుకుని మెలికలు తిరిగే నొప్పి వచ్చినవాళ్లు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి, ఉలవల డబ్బా దగ్గరికి కాదు. అంతకన్నా దాని గురించి మాట్లాడను.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం. నాకు ఆశ్చర్యం కలిగించేది మనవాళ్లు పొట్టు విషయంలో ఒకే సూత్రం పెట్టుకోకపోవడం. కందికి పొట్టు తీసి తీరతారు. దాని పొట్టు మందం, పైగా బద్దకు జిగురుతో అంటుకుని ఉంటుంది, ఊరికే ఊడదు. అందుకే వెనకటికి కందులకు ఎర్రమట్టి నీళ్లు పట్టించి, ఎండబెట్టి, అప్పుడు తిరగలిలో వేసేవారు. ఇప్పుడు మిల్లుల్లో నూనె పట్టించి ఆరబెడుతున్నారు. కందిపొట్టు మనిషి నోటికి పనికిరాదని, అది పశువుల దాణాకేనని అందరూ ఒప్పుకున్న సంగతి. చిత్తూరు వైపు సంక్రాంతి రోజుల్లో అనపకాయలు వస్తాయి. గింజల్ని నానబెట్టి రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు టప్పున బయటికి దూకుతుంది, దాన్ని పితికిపప్పు అంటారు. అక్కడ పొట్టు తీయడమే వంటకానికి పేరైంది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పితుకుతారు, కబుర్లు చెప్పుకుంటూ.

అదే చేతులు పెసరట్టుకు పొట్టు ముట్టుకోవు. పొట్టు తీసిన పప్పుతో వేస్తే అట్టు రాదా అంటే వస్తుంది, కానీ అది పెసరట్టు కాదు, పచ్చదనమూ ఉండదు, ఆ చిరువగరూ ఉండదు. మినుముల దగ్గర ఇంకా విచిత్రం. ఇడ్లీకి తెల్లగా కడిగిన పప్పు కావాలి. పొట్టు ఉంటే పిండి రంగు చెడుతుంది, నోటికి తగులుతుంది. సున్నుండలకు మాత్రం పాతకాలపు ఇళ్లలో నల్లమినుముల్ని పొట్టుతోనే కమ్మగా వేయించి విసిరేవారు. వేయించేసరికి వగరు తగ్గుతుంది, బెల్లమూ నెయ్యీ పడేసరికి మిగిలింది కూడా లొంగిపోతుంది. పెద్దమనిషైన ఆడపిల్లలకు పెట్టేది ఆ నల్ల సున్నుండే. తెల్ల సున్నుండ కొట్ల అద్దాల బీరువాల్లోకి చేరాక వచ్చింది. నాకు నల్లదే ఇష్టం, దీనికి శాస్త్రమేమీ లేదు, అలవాటే.

పసిపిల్లలకు, పొట్ట సరిగా లేనివాళ్లకు, బాగా పెద్దవాళ్లకు పొట్టులేని పప్పే సుఖం. రక్తం తక్కువగా ఉన్నవాళ్లు పొట్టుగింజల్ని నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి వండుకుంటే వగరు కొంత దిగుతుంది. షుగరు ఉండి, రక్తం బాగున్నవాళ్లు నీళ్లు వంపకపోయినా ఫరవాలేదు. రాజ్మా విషయంలో మాత్రం నానిన నీళ్లు అందరూ పారబోయాలి, కొత్తనీళ్లలో కళపెళ మరిగేలా బాగా ఉడికించాలి. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విషం పొట్టులో లేదు, బద్దల్లో ఉంది. పొట్టు తీస్తే పోదు, మరిగితేనే పోతుంది.

పొట్టులోని రంగు నీళ్లలోకి దిగుతుందన్నాను కదా. ఆ నీళ్లను ఏం చేస్తాం అన్న ప్రశ్నకు మెక్సికోవాళ్లు ఎప్పుడో జవాబు కనుక్కున్నారు. నల్లచిక్కుడు గింజల్ని కుండలో ఉడికించి, ఆ నల్లటి రసంతో సహా గిన్నెలో పోసుకుని తింటారు. మన జవాబు ఉలవచారు. కృష్ణాజిల్లాలో మా మామయ్యగారింట్లో ఎడ్లకు రోజూ ఉలవలు ఉడికేవి. పెద్ద కుండ, కింద సన్నసెగ, సాయంత్రం ఎక్కిస్తే తెల్లవారేదాకా అలా ఉడుకుతూ ఉండేది. తెల్లారేసరికి ఆ నీళ్లు చిక్కటి ముదురు గోధుమరంగులోకి తిరిగేవి. పొట్టులో ఉన్నదాంట్లో నీటికి లొంగేదంతా అప్పటికి కట్టులోకి దిగిపోయి ఉంటుంది. కట్టు వంచి అత్తయ్య చింతపండు రసం పోసి మళ్లీ మరగబెట్టి, పోపు వేసేది. వేడన్నంలో ఆ చారు, దాని మీద గరిటెడు మీగడ. వగరంతా మీగడ కింద అణిగిపోయి, నాలుక చివర్న ఒక్క క్షణం మాత్రం తెలిసేది. ఉడికిన ఉలవలు ఎడ్ల గాబులోకి వెళ్లేవి. మాంసకృత్తులన్నీ గింజలోనే ఉండిపోతాయి కదా, మనం తాగేది రంగునీళ్లే కదా అని నేను కాలేజీ చదువు కొత్తలో మామయ్యతో వాదించాను. ఆయన ఇంకో గరిటె వడ్డించుకుంటూ, "అరక దున్నేది అవా, నేనా? బలం వాటికెళ్లనీ, రుచి నాకుండనీ" అన్నారు.